ఎనిమిది బళ్లతో లద్దాఖ్: గ్రూప్ రైడ్‌ను మొదటి నుంచి ప్లాన్ చేసుకునే పద్ధతి

"అన్నా, పది మందిమి లద్దాఖ్ వెళ్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఏటా వేసవి మొదలవగానే హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, విశాఖ నుంచి వచ్చే ప్రశ్న ఇది. ఇన్నాళ్లూ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఈసారి అంతా ఒక్కచోట, చేయాల్సిన వరసలోనే రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఒంటరిగా వెళ్లేవాడు తన ఒంటిని, తన బండిని చూసుకుని ప్లాన్ వేసుకుంటాడు. గ్రూపులో అలా కుదరదు. అందరికంటే ఆలస్యంగా ఎత్తుకు అలవాటు పడే మనిషి ఎవరు, అందరికంటే చిన్న ట్యాంకు ఎవరి బండిది అని చూసి, ఆ రెండిటి లెక్కనే మొత్తం గ్రూపు నడవాలి. కింద రాసిన దూరాలు, లీటర్లు, విశ్రాంతి రోజులు అన్నీ ఆ లెక్కతో వేసినవే.

## 1. ముందు మనుషులు, తర్వాత మ్యాపు

ఆరు నుంచి ఎనిమిది బళ్లు సరైన సంఖ్య. పది దాటితే రెండు గ్రూపులుగా విడిపోండి. ఏ గ్రూపుకు ఆ గ్రూపు లీడర్, చివరి బండి, పంచర్ కిట్, మందుల పెట్టె ఉండాలి. పదిహేను బళ్లు ఒకే వరసలో వెళ్తే ప్రతి టీ బ్రేక్ గంట పడుతుంది. ఆ ఆలస్యమంతా సాయంత్రం చీకట్లో ఘాట్ దిగుతున్నప్పుడు తెలుస్తుంది.

బయల్దేరడానికి నాలుగైదు నెలల ముందు అందరూ ఒకసారి కూర్చుని ఈ విషయాలు తేల్చుకోండి. మొహమాటం వద్దు.

- పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి? నా సలహా 6 గంటలు. చీకటి పడ్డాక రైడింగ్ లేదు.
- ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎవరు తోడు ఉంటారు? పేర్లు ముందే అనుకోవాలి.
- "ఇవాళ ముందుకెళ్లొద్దు" అనే అధికారం ఎవరిది? ఒక్కరికే ఇవ్వండి. ఆ మాట మీద ఓటింగ్ ఉండకూడదు.
- లేహ్ చేరిన మొదటి మూడు రోజులు మందు, సిగరెట్ బంద్. అందరూ ఒప్పుకోవాలి.

తర్వాత తప్పనిసరిగా ఒక ట్రయల్ రైడ్. హైదరాబాద్ వాళ్లకు శ్రీశైలం ఘాట్, విశాఖ వాళ్లకు అరకు, లంబసింగి ఉన్నాయి. లద్దాఖ్‌కు తీసుకెళ్లే లగేజీ మొత్తం కట్టుకుని రెండు రోజులు వెళ్లి రండి. వర్షం పడితే ఇంకా మంచిది. ఎవరు ఆగమంటే ఆగరో, ఎవరికి నడుం నొప్పి వస్తుందో, ఎవరి బ్యాగు ప్రతి యాభై కిలోమీటర్లకూ ఊడిపోతుందో అక్కడే తెలుస్తుంది. మలుపుల్లో పోటీ పడేవాళ్లు ఆ రెండు రోజుల్లో బయటపడతారు. వాళ్లతో విడిగా మాట్లాడండి. మారకపోతే ఈ ట్రిప్పుకు వద్దనే చెప్పండి.

డాక్టర్ దగ్గరికి అందరూ వెళ్లాలి. బీపీ, గుండె, ఆస్తమా, రక్తహీనత చూపించుకోండి. గురక ఎక్కువగా పెట్టేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ లక్షణం ఉన్నట్టు బయటికి తెలియని వాళ్లకు కూడా అంత ఎత్తులో ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందే రక్తపరీక్ష చేయించుకోండి.

## 2. ఏ నెలలో, ఎటు నుంచి ఎక్కాలి

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి వరకు దారులు మామూలుగా తెరిచి ఉంటాయి. లద్దాఖ్‌లో వానలు తక్కువే. కానీ అక్కడికి చేర్చే హిమాచల్ దారి జూలై, ఆగస్టుల్లో కొండచరియలతో నిండిపోతుంది. 2023 జూలై వరదల్లో కులు, మనాలి మధ్య హైవేను బియాస్ నది చాలాచోట్ల కోసేసింది. గ్రూపుగా వెళ్లేవాళ్లకు సెప్టెంబర్ మొదటి మూడు వారాలు మంచివి. రాత్రుళ్లు చలి ఎక్కువే గానీ రోడ్డుకు అడ్డంగా పారే నాలాల్లో నీళ్లు తగ్గి ఉంటాయి.

ఇక దిశ. ఈ మార్గదర్శిలో ఒక్క సలహానే తీసుకుంటానంటే ఇది తీసుకోండి: శ్రీనగర్ వైపు నుంచి ఎక్కండి, మనాలి వైపు దిగండి.

కారణం రాత్రి పడుకునే ఎత్తు. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు, సోనామార్గ్ 2,700, కార్గిల్ 2,700, ఆల్చి 3,100, లేహ్ 3,500. మెట్లెక్కినట్టు నెమ్మదిగా పెరుగుతుంది. మనాలి నుంచి మొదలుపెడితే మనాలి 2,050, జిస్పా 3,200, ఆ మర్నాడు రాత్రే సర్చు 4,290. మూడో రాత్రికే ఒళ్లు తట్టుకోలేనంత ఎత్తు.

సర్చుతో ఇంకో చిక్కుంది. అది రెండు కనుమల మధ్య ఉంది (పేరు చివర 'లా' అంటే అక్కడ కనుమ). ఒకవైపు దాదాపు 4,890 మీటర్ల బారాలాచాలా, ఇంకోవైపు 5,000 మీటర్లు దాటిన లాచుంగ్‌లా. జబ్బు చేసిన మనిషిని కిందికి దించాలంటే ముందు ఇంకా పైకి ఎక్కించాలి. నా మొదటి ట్రిప్పులో మేం మనాలి నుంచే వెళ్లాం. సర్చు టెంట్లో అర్ధరాత్రి ఒక తమ్ముడికి వాంతులు, తూలిపోవడం మొదలైంది. ఒక ట్రక్కు డ్రైవర్ ఒప్పుకోబట్టి తెల్లవారుజామున బారాలాచాలా దాటించి జిస్పాకు చేర్చగలిగాం. ఆ నాలుగు గంటలు ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటి నుంచి ఎక్కేటప్పుడు సర్చులో పడుకునే ప్లాన్ ఎవరు చూపించినా వద్దనే అంటున్నాను.

కశ్మీర్ వైపు పరిస్థితి బాగోక మనాలి నుంచే ఎక్కాల్సి వస్తే ఇలా చేయండి: మనాలిలో రెండు రాత్రులు, జిస్పాలో రెండు రాత్రులు, తర్వాత పొద్దున 5 గంటలకు బయల్దేరి ఒకే రోజులో లేహ్. దాదాపు 330 కి.మీ., కష్టమైన రోజే. పొద్దున పదింటి లోపు సర్చు దాటకపోతే వెనక్కి తిరిగి జిస్పాకే వచ్చేయండి.

## 3. రోజువారీ ప్లాన్

ఇది ఢిల్లీ నుంచి ఢిల్లీకి. దూరాలు సుమారుగా రాశాను.

- 1వ రోజు: ఢిల్లీ – పఠాన్‌కోట్, 480 కి.మీ.
- 2: పఠాన్‌కోట్ – పట్నీటాప్, 215
- 3: పట్నీటాప్ – శ్రీనగర్, 170
- 4: శ్రీనగర్‌లో పొద్దున బళ్లు చూసుకుని, మధ్యాహ్నం సోనామార్గ్, 80
- 5: సోనామార్గ్ – జోజిలా – ద్రాస్ – కార్గిల్, 125
- 6: కార్గిల్ – ఫోటులా – లామాయురు – ఆల్చి, 150
- 7: ఆల్చి – లేహ్, 65
- 8: లేహ్‌లో విశ్రాంతి. బండి తీయొద్దు.
- 9: లేహ్ – ఖర్దుంగ్‌లా – హుండర్ (నుబ్రా లోయ), 125
- 10: హుండర్ – లేహ్, 125
- 11: లేహ్ – చాంగ్‌లా – తాంక్సే, 120
- 12: తాంక్సే – పాంగాంగ్ – లేహ్, 200
- 13: లేహ్‌లో విశ్రాంతి, బళ్ల సర్వీసింగ్
- 14: లేహ్ – తంగ్లాంగ్‌లా – పాంగ్ – సర్చు, 250
- 15: సర్చు – బారాలాచాలా – అటల్ టన్నెల్ – మనాలి, 175
- 16: మనాలిలో విశ్రాంతి
- 17: మనాలి – చండీగఢ్, 290
- 18: చండీగఢ్ – ఢిల్లీ, 250

దీనికి రెండు రోజులు ఖాళీగా కలపండి, మొత్తం ఇరవై. ఆ రెండు రోజులకు ముందుగా ఏ పనీ అనుకోవద్దు. జోజిలా మీద మంచు, రాంబన్ దగ్గర కొండచరియలు, ఒకరికి జ్వరం... ఏదో ఒకటి ఆ రోజుల్ని తినేస్తుంది.

14వ రోజు సర్చులో పడుకోమన్నాను కదా, ఇందాక వద్దన్నాను కదా అని అడగొచ్చు. అప్పటికి వారం రోజులు 3,500 మీటర్ల చుట్టుపక్కల పడుకుని ఉంటారు కాబట్టి ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. తేడా అక్కడే.

పాంగాంగ్ ఒడ్డున టెంట్లో పడుకోవాలని అందరికీ ఆశ ఉంటుంది. ఆ ఒడ్డు 4,250 మీటర్ల పైనే. తాంక్సే దానికంటే దాదాపు 300 మీటర్లు కింద ఉంటుంది. రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే సరస్సుకు వెళ్లండి. గాలి లేచే ముందు నీళ్లు కదలకుండా ఉంటాయి, ఫొటోలకూ అదే మంచి వేళ.

రెండు వారాలే సెలవు దొరికిందా? నుబ్రా తీసేయండి, లేదా పాంగాంగ్ తీసేయండి. విశ్రాంతి రాత్రులు మాత్రం తీసేయొద్దు.

## 4. బండిని ఉత్తరానికి చేర్చడం

మూడు దారులున్నాయి.

నడుపుకుంటూ వెళ్లడం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఎన్.హెచ్. 44 మీద దాదాపు 1,600 కి.మీ. నాగపూర్, ఝాన్సీలో ఆగుతూ మూడు రోజులు. జూన్‌లో అయితే నాగపూర్ ఎండకే సగం శక్తి పోతుంది. సెలవులు బాగా ఉన్నవాళ్లకే ఇది.

రైల్లో పంపడం. చాలామందికి నేను చెప్పేది ఇదే. మీ టికెట్ ఉన్న రైల్లోనే లగేజీగా బుక్ చేయొచ్చు, లేదంటే పార్శిల్‌గా ముందే పంపొచ్చు. ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, గుర్తింపు కార్డు జిరాక్సులు రెండు సెట్లు ఉంచుకోండి. అద్దాలు, ఫోన్ హోల్డర్, అదనపు లైట్లు విప్పి మీ దగ్గర పెట్టుకోండి. హెడ్‌లైట్‌కు, ట్యాంకుకు, క్లచ్, బ్రేక్ లివర్లకు గోనెపట్టా బాగా చుట్టించండి. స్టేషన్ పేరు, ఫోన్ నంబర్ రాసిన అట్టముక్క రెండుచోట్ల కట్టండి. ఎనిమిది బళ్లూ ఒకే రైల్లో ఎక్కుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. పార్శిల్‌గా అయితే ఐదారు రోజుల ముందే పంపేయండి.

అద్దెకు తీసుకోవడం. ఇక్కడ ఒక నియమం తెలియక చాలా గ్రూపులు ఇబ్బంది పడ్డాయి. మనాలి, శ్రీనగర్, చండీగఢ్‌లో అద్దెకు తీసుకున్న బండి మీద లేహ్ దాకా రావచ్చు. కానీ లేహ్ చుట్టుపక్కల నుబ్రా, పాంగాంగ్ తిరగడానికి స్థానిక యూనియన్ ఒప్పుకోదు. అందుకు లేహ్‌లోనే మళ్లీ బండి అద్దెకు తీసుకోవాలి. సొంత బండికి ఈ సమస్య లేదు. అయితే ఆర్సీ మీ పేరునో, ఇంట్లోవాళ్ల పేరునో ఉండాలి. స్నేహితుడి బండి తెస్తే అద్దె బండి అనుకుని ఆపే అవకాశం ఉంది.

## 5. కాగితాలు, ఫోన్, డబ్బు

- ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్: అసలు కాగితాలు, జిరాక్సులు, ఫోన్లో ఫొటోలు. నెట్‌వర్క్ లేనిచోట డిజీలాకర్ తెరుచుకోదు.
- నుబ్రా, పాంగాంగ్ లాంటి చోట్లకు కట్టాల్సిన పర్యావరణ రుసుము, పర్మిట్ల నియమాలు మారుతుంటాయి. బయల్దేరే వారం ముందు లేహ్ అధికారుల పోర్టల్‌లో చూసుకోండి.
- అమెరికా నుంచో, ఆస్ట్రేలియా నుంచో ఓసీఐ కార్డుతో వచ్చి కలిసే మిత్రులకు వేరే అనుమతి కావాలి. రిజిస్టర్డ్ ట్రావెల్ ఏజెంట్ ద్వారా ముందే తీసుకోవాలి. సరిహద్దుకు బాగా దగ్గరున్న కొన్ని చోట్లకు వాళ్లను పంపరు. మీ రూట్‌లో అలాంటివి ఉంటే ముందే మార్చుకోండి.
- మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ కావాలి. గ్రూపులో కనీసం మూడు పోస్ట్‌పెయిడ్ నంబర్లు, వేర్వేరు కంపెనీలవి ఉండేలా చూసుకోండి.
- శాటిలైట్ ఫోన్, విదేశాల్లో ట్రెక్కర్లు వాడే శాటిలైట్ మెసెంజర్ తేవద్దు. అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. వాటితో పట్టుబడి పోలీసు కేసులు అయినవాళ్లున్నారు.
- నెట్‌వర్క్ లేకపోతే యూపీఐ లేదు. మనిషికి పది, పదిహేను వేలు నగదు ఉంచుకోండి. రెండుచోట్ల దాచుకోండి.
- కామన్ ఫండ్ ఒకరి చేతిలో, లెక్క ఇంకొకరి చేతిలో. రోజూ రాత్రి పడుకునే ముందు లెక్క రాసేయండి. మూడు రోజులు ఆగితే గొడవ ఖాయం.

## 6. బండి తయారీ

వారం ముందు సర్వీసింగ్ చేయించడం చాలామంది చేసే తప్పు. కొత్తగా వేసిన పార్టులో లోపం ఉంటే అది కార్గిల్‌లో బయటపడుతుంది. నెల ముందే చేయించి, కనీసం 500 కి.మీ. నడిపి చూడండి.

మార్చాల్సినవి: సగానికి పైగా అరిగిన టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, చైన్ సెట్ బాగోకపోతే అదీ, ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్. క్లచ్ కేబుల్ బాగున్నా కొత్తది వేయించి, పాతది స్పేర్‌గా ఉంచుకోండి. నాకు బాగా పనికొచ్చిన చిట్కా: ఆ పాత కేబుల్‌ను కొత్తదాని పక్కనే దారంతా కట్టి ఉంచడం. తెగితే రెండు చివర్లూ తగిలిస్తే చాలు, పది నిమిషాల పని.

ఐదు వేల మీటర్ల పైన గాలి పలచబడటం వల్ల ఇంజిన్ బలం దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. వెనక మనిషి, రెండు పెద్ద బ్యాగులు ఉన్న 350 సీసీ బండి తంగ్లాంగ్‌లా మీద ఆయాసపడటం అందుకే. బండి పాడైందని కంగారు పడొద్దు. కార్బురేటర్ ఉన్న పాత బళ్లలో పెట్రోల్ పాలు ఎక్కువై ఇంజిన్ ముక్కుతుంది. లేహ్ మెకానిక్‌లకు ఆ సర్దుబాటు అలవాటే. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఎఫ్ఐ బళ్లు తమంతట తామే సర్దుకుంటాయి. లగేజీ తగ్గించడమే దీనికి అసలు మందు.

గ్రూపు మొత్తానికి కలిపి తీసుకోవాల్సినవి:

- ప్రతి టైర్ సైజుకు ఒక ట్యూబ్, టైర్ లివర్లు మూడు, ప్యాచ్‌లు, ట్యూబ్‌లెస్ ప్లగ్గులు
- గాలి పంపు రెండు, ఒకటి చేత్తో కొట్టేది
- క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్లు, స్పార్క్ ప్లగ్గులు, ఫ్యూజులు, చైన్ లింకు
- క్లచ్, బ్రేక్ లివర్లు. బండి పడితే మొదట విరిగేవి ఇవే.
- ఎంసీల్, ఇన్సులేషన్ టేపు, బైండింగ్ వైరు, జిప్ టైలు
- రెండు లీటర్ల ఇంజిన్ ఆయిల్, చైన్ లూబ్
- జంపర్ కేబుల్, లాగడానికి గట్టి తాడు

అందరివీ ఒకే కంపెనీ బళ్లయితే స్పేర్లు సగం తగ్గుతాయి. ప్రతి ఒక్కరికీ తన చక్రం తాను విప్పడం రావాలి. ట్రయల్ రైడ్‌లో రోడ్డు పక్కన కూర్చోబెట్టి చేయించండి.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. థర్మల్స్ రెండు జతలు, రెయిన్ సూట్, వర్షానికి ఒకటి, చలికి ఒకటి చొప్పున రెండు జతల గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు, పొడి సాక్సులు ఎక్కువగా. ఒక డబ్బాలో కందిపొడి, ఇంకో డబ్బాలో ఆవకాయ పెట్టుకోండి. ఎత్తు మీద ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు దాల్ చావల్‌లో కలిపిన ఒక్క చెంచా కారమే నాలుగు ముద్దలు తినిపిస్తుంది.

## 7. పెట్రోల్ లెక్క

మనాలి వైపు తాండి దగ్గర పంపులో ఒక బోర్డు ఉంది: తర్వాతి పంపు 365 కి.మీ. దూరంలో అని. మనం లేహ్ నుంచి దిగుతాం కాబట్టి లేహ్ దాటాక కారూ పంపులో నింపుకుంటే తాండి దాకా ఆ దూరం కొంచెం తగ్గుతుంది. అయినా లెక్క 365కే వేయండి.

లెక్క ఇలా:

1. ట్రయల్ రైడ్‌లో ఫుల్ లగేజీతో వచ్చిన మైలేజీ రాసుకోండి. అందులో 15 శాతం తగ్గించండి.
2. 365ను ఆ మైలేజీతో భాగించండి.
3. వచ్చినదానికి నాలుగో వంతు కలపండి.

ఉదాహరణకు లీటరుకు 25 వస్తే 14.6 లీటర్లు, నాలుగో వంతు కలిపితే 18 దాటుతుంది. హిమాలయన్ 411 ట్యాంకు 15 లీటర్లు, 450 అయితే 17, క్లాసిక్ 350, ఎక్స్‌పల్స్ 200 చెరో 13. అంటే 13 లీటర్ల ట్యాంకు బండికి 5 లీటర్లకు పైన పట్టే క్యాన్ తప్పదు. వీటిలో ఏ ట్యాంకూ ఒక్కటీ ఆ దూరానికి నిశ్చింతగా చాలదు.

నీళ్ల బాటిళ్లలో పెట్రోల్ పోయొద్దు. మూత గట్టిగా బిగిసే జెర్రీక్యాన్ కొనండి. పైదాకా నింపకుండా కొంచెం ఖాళీ వదలండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది, మూత నెమ్మదిగా తిప్పి గాలి వదిలాకే తెరవాలి. సైలెన్సర్ వైపు కట్టొద్దు. సామాన్ల బండి ఉన్నా అన్ని క్యాన్లూ అందులో వేయకండి, అది వెనకబడితే అందరూ ఆగిపోతారు.

## 8. ఎత్తు

ఐదు వేల మీటర్ల పైన ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో దొరికేదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. జిమ్‌కు వెళ్లేవాడైనా, మారథాన్ పరిగెత్తేవాడైనా దీని ముందు ఒకటే. ఇంకా చెప్పాలంటే బలంగా ఉన్న కుర్రాళ్లే తొందరపడి పడిపోవడం ఎక్కువ చూశాను.

మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక విశ్రాంతి రోజు. పగలు ఎంత ఎత్తు ఎక్కినా, రాత్రి కిందికి వచ్చి పడుకోవాలి. పై ప్లాన్‌లో ఆల్చి హాల్టు పెట్టింది అందుకే.

డయామాక్స్ అనే అసిటజోలమైడ్ మాత్ర చాలామంది వాడతారు. నివారణకు సాధారణంగా ఇచ్చేది 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ఎత్తు ఎక్కడానికి ముందు రోజు నుంచి. మీ డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ముఖ్యంగా చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం దీనితో మామూలే. ఈ మాత్ర వేసుకున్నామని ప్లాన్‌లో రోజులు తగ్గించుకోకూడదు.

ఇద్దరిద్దరిని జంటగా కట్టండి. రోజూ సాయంత్రం ఒకరినొకరు ఈ నాలుగూ అడగాలి:

- తలనొప్పి ఉందా?
- అన్నం సయిస్తోందా, వికారంగా ఉందా?
- కళ్లు తిరుగుతున్నాయా?
- మామూలు కంటే ఎక్కువ నీరసంగా ఉందా?

"నాకేం కాలేదు" అన్న జవాబు వినగానే వదిలేయొద్దు, మొహం చూడండి. తలనొప్పికి ఇంకోటి ఏదైనా తోడైతే ఆ మనిషి మర్నాడు పైకి ఎక్కడు. ఉన్నచోటే ఆగాలి. తగ్గితేనే ముందుకు.

ఇవి కనిపిస్తే అర్ధరాత్రైనా కిందికి దించాలి:

- కూర్చుని ఉన్నా ఆయాసం, విడవని దగ్గు, నురగతో కఫం. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది.
- గీత మీద మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమంటే తూలడం, పొంతన లేని మాటలు. మెదడు వాస్తోంది.

కనీసం 500 నుంచి 1,000 మీటర్లు కిందికి. ఆ మనిషిని బండి నడపనివ్వొద్దు, వెనక కూర్చోబెట్టొద్దు, కారులోనో ట్రక్కులోనో పంపాలి. ఒకరు తోడు వెళ్లాలి. లేహ్ దగ్గర్లో ఉంటే ఎస్.ఎన్.ఎం. ఆసుపత్రి. దారిలో ఆర్మీ క్యాంపు కనిపిస్తే మొహమాటం లేకుండా సాయం అడగండి.

దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ స్ప్రే డబ్బాలు కొద్ది నిమిషాలకే అయిపోతాయి. వాటి మీద పెట్టే డబ్బుతో సామాన్ల బండిలో ఒక అసలు మెడికల్ సిలిండర్ పెట్టుకోండి. అది కూడా దించేలోపు ఊపిరి నిలపడానికే.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఒకటి ఉంచుకోండి. లేహ్‌లో చాలామందికి 85 నుంచి 92 మధ్య చూపిస్తుంది, చూసి టెన్షన్ పడొద్దు. వేళ్లు చల్లగా ఉంటే ఇంకా తక్కువ చూపిస్తుంది, వెచ్చబరిచి మళ్లీ చూడండి. అంకె కంటే మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం.

కనుమల మీద ఇరవై నిమిషాలకు మించి ఉండొద్దు. ఖర్దుంగ్‌లా బోర్డు దగ్గర ఫొటో కోసం గంట లైన్లో నిలబడి తలనొప్పి తెచ్చుకున్న గ్రూపుల్ని చూశాను.

## 9. రోడ్డు మీద వరస

ముందు లీడర్. ఆ వెనకే అందరికంటే కొత్త రైడర్, లేదా నెమ్మదైన బండి. చివర్లో మెకానిక్ పని తెలిసినవాడు. చివరి బండి వెనక ఎవరూ ఉండిపోకూడదు, అతను ఎవరినీ దాటకూడదు. పంచర్ కిట్, మందుల పెట్టె అతని దగ్గరే.

నెమ్మదైనవాళ్లను చివర్లో పెట్టడం అందరూ చేసే పొరపాటు. ముందున్నవాళ్లు వేగం పెంచేకొద్దీ చివరివాడు అందుకోవడానికి తనకు చేతకాని వేగంలో వెళ్తాడు. ప్రమాదాలు అక్కడే.

అద్దంలో వెనక బండి హెడ్‌లైట్ కనిపించాలి. కనిపించకపోతే వేగం తగ్గించండి, అప్పటికీ రాకపోతే ఆగండి. మీరు ఆగితే మీ ముందువాడు ఆగుతాడు. అలా ఒక్కొక్కరే ఆగుతూ లీడర్ దాకా కబురు చేరిపోతుంది. ఫోన్ అక్కర్లేదు.

దారి చీలేచోట లీడర్ వెనకున్న రెండో బండి ఆగి, చివరి బండి వచ్చేదాకా అక్కడే ఉండాలి. ఉప్షి దగ్గర, తాంక్సే దగ్గర ఇది తప్పనిసరి.

సైగలు ఐదు చాలు: పిడికిలి పైకెత్తితే ఆగు, చెయ్యి కిందికి ఊపితే నెమ్మది, ట్యాంకు వైపు వేలు చూపిస్తే పెట్రోల్, కాలు బయటికి చాపితే ఆ వైపు గుంత, హెల్మెట్ మీద తడితే ఒంట్లో బాగోలేదు. ఘాట్ మలుపుల్లో పక్కపక్కన వెళ్లొద్దు, ఒకరి వెనక ఒకరు. ఆర్మీ కాన్వాయ్ ఎదురైతే కొండ వైపు ఆగి దారివ్వండి, లోయ వైపు అంచుకు పోకండి.

## 10. నాలా దాటడం

రోడ్డుకు అడ్డంగా పారే మంచునీటిని అక్కడ నాలా అంటారు. ఎండకు పైన మంచు కరిగేకొద్దీ నీళ్లు పెరుగుతాయి. పొద్దున మోకాలి కిందున్నది మధ్యాహ్నం మూడింటికి తొడ దాకా వస్తుంది. అందుకే ఆరింటికి బయల్దేరమన్నాను.

1. అందరూ ఆగండి. ఎదుటి నుంచి వచ్చే ట్రక్కు చక్రాలు ఎంత మునుగుతున్నాయో చూడండి.
2. ఒకరు బూట్లతో నడిచి చూడాలి. నీళ్లు గలగలమని పారేచోట లోతు తక్కువ, నున్నగా నిలకడగా ఉన్నచోట ఎక్కువ.
3. ఒక్కొక్క బండే దాటాలి. ఇద్దరు నీళ్లలో, ప్రవాహం కిందివైపు కాకుండా పైవైపు నిలబడి సాయం పట్టాలి. వెనక కూర్చున్నవాళ్లు దిగి నడవాలి.
4. మొదటి గేరు, సమానమైన యాక్సిలరేటర్. చూపు అవతలి ఒడ్డు మీద, ముందు చక్రం మీద కాదు. మధ్యలో క్లచ్ పట్టి ఆపొద్దు.
5. దాటాక బ్రేకులు రెండుమూడు సార్లు తేలిగ్గా నొక్కి ఆరనివ్వండి.

బండి నీళ్లలో పడితే వెంటనే కిల్ స్విచ్. సెల్ఫ్ కొట్టొద్దు. లోపల నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అక్కడితో ట్రిప్పు అయిపోతుంది. ఒడ్డుకు తోసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో నీళ్లు వంపి, స్పార్క్ ప్లగ్ విప్పి సెల్ఫ్ తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. పొడి ప్లగ్ వేసి స్టార్ట్ చేయండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే మార్చాలి, సామాన్లలో రెండు లీటర్లు అందుకే.

## 11. ఇంకొన్ని పొరపాట్లు, సర్దుబాట్లు

అలవాటు లేని కొత్త బూట్లు, కొత్త హెల్మెట్. రెండు నెలల ముందే కొని వాడండి.

టైర్లలో మన ఊరి గాలి అలాగే ఉంచడం. రాళ్ల దారిలో ఐదో వంతో, ఆరో వంతో తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తారు రోడ్డెక్కాక మళ్లీ నింపండి.

నీళ్లు తాగకపోవడం. చలికి దాహం తెలియదు. ప్రతి ఆగుడులో నాలుగు గుక్కలు, రోజుకు మూడు లీటర్లు.

పొద్దున్నే కనుమ ఎక్కేటప్పుడు రోడ్డు తడిగా ఉందనుకోవడం. నీడలో మెరిసేది నీళ్లు కాదు, గడ్డకట్టిన మంచు. బ్రేక్ ముట్టుకోకుండా, గేరు తగ్గించి నెమ్మదిగా దాటండి.

ఆలస్యమైందని టిఫిన్ మానేయడం. ఖాళీ కడుపుతో ఎత్తు ఇంకా గట్టిగా కొడుతుంది.

## 12. దిగేటప్పుడు

ప్రమాదాలు ఎక్కువగా మనాలి దాటాకే చూశాను. కష్టమైనదంతా అయిపోయిందని ఒళ్లు వదులుతుంది, నాలుగు లేన్ల రోడ్డు దొరుకుతుంది, వేగం పెరుగుతుంది. అందుకే 16వ రోజు విశ్రాంతి పెట్టాను. ఆ రోజు చేయాల్సినవి:

- ముందు, వెనక బ్రేక్ ప్యాడ్లు విప్పి చూడటం. పది కనుమలు దిగాక మిగిలేది తక్కువే.
- చైన్ కడిగి, బిగువు చూసి, లూబ్ వేయడం
- చక్రాల స్పోకులు చేత్తో తట్టి వదులైనవి బిగించడం
- టైర్లలో రోడ్డుకు తగిన గాలి నింపడం
- క్యాన్లలో మిగిలిన పెట్రోల్ ట్యాంకుల్లోకి పోసేయడం
- కామన్ ఫండ్ లెక్క తేల్చి, ఇవ్వాల్సినవి అక్కడే ఇచ్చేయడం

తిరుగు రైలుకు ఢిల్లీలో పార్శిల్ ఆఫీసుకు వెళ్లే రోజు ట్యాంకులో అర లీటరు కంటే ఎక్కువ లేకుండా చూసుకోండి. అక్కడ తీసిన పెట్రోల్ వెనక్కి ఇచ్చేవాళ్లెవరూ ఉండరు.